ఎస్సై కాబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు ఎస్సైగా సెలక్ట్ అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నుంచి బరంపురంలో మా వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇచ్ఛాపురం బస్సులో చిల్లర ఇవ్వలేదని కండక్టర్ మీదికి నువ్వు లేచిన తీరు గుర్తొచ్చింది. ఒంటి మీద యూనిఫాం లేదు కాబట్టి ఆ రోజు సరిపోయింది.

పరుగు, పరేడ్, చట్టాలు వాళ్ళే నేర్పుతారు. బూట్లు కాలికి సరిపోయేవి తీసుకో.

నాకు దొంగల భయం లేదే. నువ్వు తిండీ నిద్రా లేకుండా డ్యూటీ చేసే రోజులంటేనే భయం. పై ఆఫీసరు నలుగురిలో తిట్టిన తిట్టు స్టేషన్‌లో చేతికి దొరికినవాడి మీద దిగుతుంది.

మా ఊరి ఠాకురాణి అమ్మవారి జాతర బందోబస్తులో మా స్టేషన్ ఏఎస్సై ఒకాయనకి అదే జరిగింది. మంచి మనిషి, లాకప్‌లో ఉన్నవాళ్ళకి తన డబ్బుతో టీ తెప్పించేవాడు. రాత్రంతా నిలబడి, వైర్‌లెస్‌లో అందరూ వింటుండగా చీవాట్లు తిని వచ్చాడు. అప్పుడే సైకిల్ దొంగతనం అనుమానంతో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. సోంపేట వైపు వాడు, ఒడియా ముక్క రాదు. ఏమడిగినా బెదురుతో పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడట. ఈయనకి అది వెటకారంలా తోచింది. నేను లోపలికి వచ్చేసరికే చెంప మీద కొట్టేశాడు. కుర్రాడు చెవి మూసుకుని కూలబడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి సన్నగా రక్తం. కర్ణభేరి పగిలింది. సైకిల్ తీసింది వేరేవాడని మర్నాడు తేలింది. సస్పెన్షన్, ఎంక్వయిరీ, ఆగిపోయిన ప్రమోషన్ సరే, "వాడు భయపడి నవ్వాడు కదా" అని ఆయన రిటైరయ్యే దాకా నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఎవరైనా నవ్వినా, నోరు విప్పకపోయినా ముందు ఏ భాష వచ్చో కనుక్కో. నీకు తెలుగూ ఒడియా వచ్చు. సవర గిరిజనుల మాటలు కూడా నాలుగు పట్టుకో, గజపతి జిల్లాలో వేస్తే అక్కరకొస్తాయి. చెవులు వేడెక్కి, పళ్ళు బిగుసుకుంటున్నాయా, పంతానికి పోకుండా పక్కనున్నవాళ్ళకి అప్పజెప్పి బయటికి నడువు. నీళ్ళు తాగు. ఒంటరిగా ఎవరినీ విచారించకు. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో ఎలాగూ చెల్లదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25వ సెక్షన్ అది, 2024 జులైలో అమల్లోకొచ్చిన సాక్ష్య అధినియమ్‌లో 23. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే. కానీ కెమెరా కోసం చెయ్యి ఆపుకునేవాడు అది పాడైన రోజు ఆపుకోడు.

ఇంకోటి. ఆడపిల్ల, మెత్తన అంటారేమోనని మగవాళ్ళకన్నా గట్టిగా అరవాలనిపిస్తుంది. అక్కర్లేదు తల్లీ. టెన్షన్ ఆగకపోతే నాకు ఫోన్ చేసి నన్నే తిట్టు, పడతాను. మీ అత్తయ్య దగ్గర అలవాటే.

సున్నుండలు చేస్తోంది. శనివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మావయ్య