అన్నీ ఆర్గానిక్ కొనక్కర్లేదు, ముందు బెండకాయ సంగతి చూడండి

ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అన్నీ ఆర్గానిక్ కొంటే ఖర్చు తట్టుకోలేకపోతున్నాం, రైతుబజారు కూరగాయలు సరిపోతాయా అని అడిగారు. చాలావాటికి సరిపోతాయండి, కొన్నిటికి మాత్రం కాదు. చుట్టుపక్కల ఊళ్లలో పండినవి తాజాగా ఉంటాయి నిజమే, అంతమాత్రాన వాటికి మందు కొట్టలేదని కాదు.

మాది గుంటూరు వైపు వ్యవసాయ కుటుంబం. బెండకాయ రోజు విడిచి రోజు కోయాల్సిందే, ఆగితే ముదిరిపోతుంది, ఎవరూ కొనరు. పురుగుమందు డబ్బా మీదేమో కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయమని ఉంటుంది. పురుగు పడితే మందు కొట్టక తప్పదు, కాయ కోయకా తప్పదు. ఇందులో రైతును తప్పుపట్టడానికేం లేదు, పుచ్చు కనిపిస్తే మనమే పక్కన పడేస్తాం కదా. వంకాయ, పచ్చిమిర్చిలదీ ఇదే కథ. క్యాబేజీ, కాలీఫ్లవర్‌కి కోత ఒకసారే అయినా పురుగు బాధ ఎక్కువ.

అందుకని మీ ఆర్గానిక్ డబ్బులు వీటి మీదే పెట్టండి. పిల్లలు బాగా తినే ఆకుకూరలు కూడా కలుపుకోండి. కంద, చేమదుంప, గుమ్మడికాయ, కూర అరటికాయల్లాంటి వాటికి మందుల వాడకం తక్కువ, నేను వాటికి ఎక్కువ ధర ఎప్పుడూ పెట్టను.

ప్యాకెట్లో కొంటే జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ ఆర్గానిక్ సర్టిఫికేషన్ గుర్తు ఉందేమో చూడండి. అది లేకుండా ‘నేచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’ అని రాసినదానికి ఎక్కువ ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే సర్టిఫికెట్ అక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది, కాబట్టి అక్కడ మనిషిని చూసి కొనాలి.

1999లో రైతుబజార్లు పెట్టిందే రైతు నేరుగా అమ్ముకోవాలని. ఒకే బల్ల మీద ఊటీ క్యారెట్ నుంచి దొండకాయ దాకా అన్నీ ఉంటే ఆ సరుకు హోల్‌సేల్‌లో తెచ్చిందే. రెండు మూడు రకాలే పెట్టుకుని, చిన్నా పెద్దా కాయలు కలిపి అమ్మేవాళ్ల దగ్గర ఆగండి. “మందు కొట్టి ఎన్ని రోజులైంది బాబాయ్?” అని మామూలుగా అడగండి. సొంత తోట ఉన్నవాళ్లు ఏ పురుగు పడిందో, ఏం కొట్టారో టకటకా చెప్పేస్తారు. జీవామృతం (పేడ, గోమూత్రంతో ఇంట్లో కలుపుకునే ఎరువు ద్రావణం), నీమాస్త్రం (వేపతో చేసుకునే పురుగుమందు) వాడుతున్నామంటే ఎలా కలుపుతారో అడగండి. నిజంగా వాడేవాళ్లు, జీవామృతమైతే పేడ, గోమూత్రం, బెల్లం, శనగపిండి లెక్కతో సహా చెబుతారు. అలాంటి వాళ్లు ఒకరిద్దరు దొరికితే వాళ్లనే వదలకుండా పట్టుకోండి, పుచ్చు వంకాయ వచ్చినా గొణగకండి.

ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగితే పైన ఉన్నది కొంత పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్న మందు మాత్రం కడిగితే పోదు.

కరివేపాకు ఒక్కటి మాత్రం కొనడం మానేయండి. తోటల్లో దానికి మందులు బాగానే కొడతారు, మనం రోజూ వేసుకుంటాం. ఎండ తగిలే బాల్కనీలో పెద్ద కుండీ పెడితే చాలు. మొదటి ఏడాది ఆకు దూయకుండా చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా వస్తుంది.