మొక్కుకున్నది అమ్మ, వెళ్లాల్సింది కొడుకు

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి ఏడో నెలలోనే పుట్టాడు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. దక్కడం కష్టమన్నారు. ఆ రాత్రి వరండాలో కూర్చుని, 'ప్రభువా, బిడ్డను దక్కిస్తే నీ సేవకే ఇచ్చేస్తాను' అని మొక్కుకున్నాను. ఇప్పుడు వాడికి 20 ఏళ్లు. తిరుపతిలో బీకాం ఆఖరి సంవత్సరం. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, యూత్ లెక్కలు రాస్తాడు. మా చర్చి పాస్టరు అయ్యగారు బైబిల్ కాలేజీకి పంపమంటున్నారు. ఒక మీటింగులో పెద్ద దైవజనుడు వీడి తలమీద చెయ్యి పెట్టి 'అనేకులకు ఆశీర్వాదంగా ఉంటాడు' అన్నారు. వీడేమో సీఏ చదువుతానంటాడు. గట్టిగా అడిగితే 'నీ ఇష్టం మా' అంటాడు. వాళ్ల నాన్న 'ముందు ఉద్యోగం, తర్వాతే ఏదైనా' అంటారు. మొక్కు తీర్చకపోతే బిడ్డకు ఏమైనా అవుతుందేమోనని నాకు భయం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ 'నీ ఇష్టం మా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ అబ్బాయికి ఇష్టం లేకపోవచ్చు, లేదా ఇష్టం ఉందో లేదో తేల్చుకునే చోటు ఇంట్లో దొరక్కపోయి ఉండవచ్చు. తన ప్రాణానికి బదులుగా అమ్మ మాట ఇచ్చిందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాడు 'నాకు వద్దు' అని ఏ నోటితో అంటాడు? కాబట్టి కాలేజీల సంగతి తర్వాత, ముందు మీ మొక్కు సంగతే మాట్లాడుకుందాం.

ఇలాంటి తల్లులందరికీ గుర్తొచ్చేది బైబిల్లోని హన్నా. షిలోహులో ఏడ్చి, బిడ్డను అడిగి, పుట్టినవాణ్ని పాలు మానగానే మందిరంలో యాజకుడైన ఏలీ దగ్గర వదిలి వచ్చింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. అంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాతి అధ్యాయం మీరు ఈసారి నిదానంగా చదవండి. తల్లి ఇచ్చేసింది, పిల్లవాడు మందిరంలోనే పడుకుంటున్నాడు, పూజారికి పనుల్లో సాయం చేస్తున్నాడు. అయినా దేవుడు ఆ పిల్లవాణ్ని, సమూయేలును, పేరు పెట్టి మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఒకసారి కాదు, మొదటి మూడుసార్లూ వాడు ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తాడు. తల్లి మొక్కుతోనే పని అయిపోయి ఉంటే ఆ రాత్రి అవసరమే లేదు. ఏలీ కూడా 'నువ్వు ఇదే చెయ్యి' అని తీర్మానించలేదు. వెళ్లి పడుకో, ఈసారి పిలిస్తే ఇలా జవాబు చెప్పు అని మాత్రమే నేర్పాడు. మీరూ, మీ అయ్యగారూ చేయగలిగింది అంతే. ఇంకో మాట: అదే మందిరంలో పుట్టుకతోనే సేవలోకి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు, ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. వాళ్లు దారి తప్పి ఎలా నాశనమయ్యారో మీకు తెలుసు.

ఇక భయం. లేవీయకాండం 27వ అధ్యాయం మన ప్రసంగాల్లో పెద్దగా వినపడదు. మనిషిని దేవునికి మొక్కుకున్నప్పుడు ఏం చేయాలో అక్కడ ఉంది. వయసును బట్టి వెల కట్టి, వెండి చెల్లించి మొక్కు తీర్చుకోవచ్చు. 20 నుంచి 60 ఏళ్ల మగవాడికి 50 తులాల వెండి. అంత ఇచ్చుకోలేని పేదవాడికి యాజకుడు వాడి తాహతు చూసి తగ్గించాలి. ఆపదలో నోటినుంచి వచ్చిన మాటకు ఆ ధర్మశాస్త్రమే దారి చూపింది. మీరు ధర్మశాస్త్రం కింద లేరని మీ అయ్యగారు అంటారు, నిజమే. కానీ ఆ చట్టమే అంత దయ చూపితే, మొక్కు ఆలస్యమైందని దేవుడు బిడ్డను తీసుకుపోతాడని మీకు ఎవరు చెప్పారు? మీ మొక్కు మీరే తీర్చండి. వేలూరులో పేద రోగుల వైద్యానికి విరాళాలు తీసుకుంటారు. నెలలు నిండని బిడ్డతో మీలాగే వరండాలో కూర్చున్న మరో తల్లికి మీ ఓపిక కొద్దీ ఖర్చు భరించండి, పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి. అది మీ మొక్కు, మీ చేత్తో తీరుతుంది.

వేలూరు అనగానే అడగాలనిపిస్తోంది. మీరు ప్రార్థన చేస్తున్న ఆ రాత్రి లోపల ఎవరున్నారు? అద్దాల పెట్టె వేడి సరిచూసే నర్సు, గోరంత నరంలో సూది దించే డాక్టరు, రక్తం పరీక్ష చేసిన టెక్నీషియను, అర్ధరాత్రి బిల్లు కట్టించుకున్న గుమాస్తా. మీ ప్రార్థనకు జవాబు వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. వాళ్లలో ఒక్కరూ ప్రసంగ వేదిక ఎక్కి ఉండకపోవచ్చు.

ఆ ఆసుపత్రి పుట్టుక కూడా మీ ఇంటి సమస్య లాంటిదే. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ వాళ్ల తాత మిషనరీ, తండ్రి, పెదనాన్నలు ఆర్కాటు మిషన్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థలో పనిచేసినవాళ్లే. మన చిత్తూరు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల్లో ఆ మిషన్ పని అందరికీ తెలిసిందే. ఆ ఇంట్లో పుట్టిన ఈ పిల్ల మాత్రం నేను మిషనరీని కానంటే కానని భీష్మించింది. అమ్మకు ఒంట్లో బాగోలేదంటే చూసుకోవడానికని వచ్చింది. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు. మగ డాక్టరు ముట్టుకోవడానికి ఒప్పుకోరు, ఆమెకేమో వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఐడా అమెరికా వెళ్లి డాక్టరు చదువు పూర్తి చేసి వచ్చింది. 1900లో వేలూరులో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ మిషనరీలైనా రాని పిలుపు ఎదుటి మనిషి అవసరం చూసినప్పుడు వచ్చింది. ఆ సంస్థ ఇప్పుడు మన చిత్తూరు పక్కన గుడిపాలలో కూడా క్యాంపస్ పెట్టింది.

ఇప్పుడు మీరు చెప్పిన గుర్తులు చూద్దాం. కీబోర్డు గురించి నేను పెద్దగా పట్టించుకోను. చర్చిలో పెరిగిన పిల్లల్లో సగం మంది ఏదో ఒకటి వాయిస్తారు. మీటింగులో చెప్పిన మాటా అంతే, ఆ మాట ఆ రోజు వరుసలో నిలబడ్డ ఇంకెంతమంది పిల్లలకు చెప్పారో! తప్పని అనను. 'అనేకులకు ఆశీర్వాదం' అన్నారే గానీ పాస్టరు అవుతాడని అనలేదు, అది గమనించండి.

నాకు కనిపించిన అసలు గుర్తు 'యూత్ లెక్కలు రాస్తాడు' అన్నది. మీరు దాన్ని కీబోర్డు తర్వాత ఊరికే తగిలించారు. 20 ఏళ్ల పిల్లవాడి చేతికి సంఘం డబ్బు ఇస్తున్నారంటే వాడి మీద నమ్మకం ఉన్నట్టు. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు భోజనం సరిగా అందడం లేదని గొడవైతే, ఆ పని చూడటానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. వడ్డన పనికి పెట్టిన అర్హతలు చూడండి: మంచి పేరు, ఆత్మ, జ్ఞానం. పౌలు యెరూషలేము పేదల కోసం వసూలైన సొమ్ము మోసుకెళ్లేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎంచిన మనుషులను వెంట తీసుకెళ్లాడు. డబ్బు సంచి మోసి పాడైనవాడు యూదా ఒకడే మనకు గుర్తుండిపోయాడు, సరిగ్గా మోసినవాళ్లు ఎవరికీ గుర్తు లేరు.

ఈ రోజుల్లో ఈ పని ఎంత అవసరమో చెబుతాను. మన జిల్లాల్లో హాస్టళ్లు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు నడిపే క్రైస్తవ ట్రస్టులు చాలా ఉన్నాయి. విదేశీ విరాళాల చట్టం 2020లో సవరించాక పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. విదేశీ సొమ్ము ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. ఏటా డిసెంబరు 31లోగా రిటర్ను వేయాలి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఇందులో చిన్న పొరపాటు జరిగినా రిజిస్ట్రేషన్ పోవచ్చు. అది పోతే హాస్టల్లో పిల్లలకు అన్నం ఉండదు. భక్తిపరులైన పెద్దలు రసీదులు అట్టపెట్టెలో వేసి కూర్చునే ట్రస్టుకు, చట్టం తెలిసిన నిజాయితీపరుడైన సీఏ ఒకడు దొరికితే అంతకన్నా ఏం కావాలి?

అలాగని పాస్టరు పని వద్దని చెప్పను. వాడికే నిజంగా ఆ భారం ఉంటే వెళ్లాల్సిందే. కానీ వాడు ఇంతవరకు చూసింది ఆదివారం పాస్టరును. ఈ వేసవిలో మీ అయ్యగారి వెంట సోమవారం నుంచి శనివారం దాకా తిరగమనండి. రుయా ఆసుపత్రిలో అడ్మిట్ అయినవాళ్ల దగ్గరికి, మొగుడూ పెళ్లాల తగాదాలకు, వాన పడుతుండగా సమాధి స్థలం కోసం బతిమాలుకునే చోటికి వెళ్లమనండి. మైకు ఉండదు, కీబోర్డు ఉండదు. అక్కడ వాడికి ప్రాణం లేచొస్తోందా, ఎప్పుడెప్పుడు ఇంటికెళదామా అనిపిస్తోందా? అది వాడే చెబుతాడు.

బైబిల్ కాలేజీ అంటే ఏ కాలేజీ అన్నది ముఖ్యం. మూడు నెలల సర్టిఫికెట్లు, డబ్బు కడితే వచ్చే డాక్టరేట్లు బోలెడున్నాయి, వాటి జోలికి పోవద్దు. పాస్టరు చదువులకు డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ అనుబంధం ఉన్న కాలేజీలో, డిగ్రీ తర్వాత బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదవాలి. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అలాంటిది. 1964లో రాజమండ్రిలో మొదలైంది. హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర గట్టిగానే చదవాలి, తేలికైన చదువు కాదు. సాధారణంగా సంఘం సిఫారసు ఉండాలి. మీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే కడపలోని రాయలసీమ డయోసిస్ ఆఫీసులో, లూథరన్ అయితే తిరుపతిలోని సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి ఆఫీసులో అడగండి. స్వతంత్ర సంఘమైతే జీతం సంగతి అయ్యగారినే మొహమాటం లేకుండా అడగండి. కానుకల మీద బతికే ఇంట్లో పాస్టరమ్మ కుట్టుమిషన్ ఎందుకు తొక్కుతుందో ఆయనకు బాగా తెలుసు.

రిజర్వేషన్ మాట కూడా చెప్పక తప్పదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, ఆ కోటా 1 శాతం. ఎస్సీ సర్టిఫికెట్ ఉంచుకుని పాస్టరుగా పనిచేస్తానంటే చట్టం ఒప్పుకోదు. మీ కాగితాల్లో ఏముందో ఇప్పుడే చూసుకోండి.

సీఏ విషయం త్వరగా చెప్పేస్తాను. బీకాంలో 55 శాతం వస్తే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఆఖరి సంవత్సరంలో ఉండగానే ప్రొవిజనల్‌గా రిజిస్టర్ కావచ్చు. కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ, రెండేళ్లు. మొదటి ప్రయత్నంలో తప్పడం మామూలే, దానికి టెన్షన్ పడి 'చూశావా, మొక్కు తీర్చలేదుగా' అని మాత్రం అనకండి. ఒకవేళ తప్పుకుంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎంకాం ఉండనే ఉంది, పీజీసెట్ రాయాలి.

వాళ్ల నాన్నగారి మాటలో నాకు తప్పేమీ కనపడలేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి గుడారాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకుంటూనే ప్రసంగించాడు. సీఏ అయ్యాక 30 ఏళ్ల వయసులో బీడీ చదవాలనిపించినా తలుపు మూసుకుపోదు. పైగా అప్పటికి వాడు ఎవరి కానుకల మీదా ఆధారపడడు.

ఈ వారం అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పండి: 'ఆ మొక్కు నాది నాయనా, నేను తీర్చుకుంటాను. నువ్వు నీ దారి చూసుకో.' చెప్పాక వాడి జవాబు కోసం ఎదురుచూడకండి, వంటింట్లోకి వెళ్లిపోండి. మీ అయ్యగారికి కూడా ముందే చెప్పి ఉంచండి, ఆదివారం వాడిని అందరి ముందు నిలబెట్టి ప్రార్థన చేయించకుండా. ఇక మార్కుల జాబితాలు, టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్ సెలవులకు ముందే కాలేజీ నుంచి తెచ్చుకోమనండి. సీఏకైనా, బీడీకైనా, ఎంకాంకైనా మార్కుల జాబితాలు కావాలి.