తంత్రులా, మడతలా?

సందేహం: మాట్లాడేటప్పుడు గొంతులో గాలి నడకను కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి మీద వ్యాసం రాస్తున్నాను. 'స్వరతంత్రులు' అనాలా, 'స్వరమడతలు' అనాలా? సిమ్యులేషన్‌ను 'అనుకరణ' అనవచ్చా? – ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: తంత్రికి మూలం 'తన్' ధాతువు, చాచడం, సాగదీయడం దాని అర్థం. మగ్గం మీద సాగిన దారం తంతువు, వీణ మీద బిగించినది తంత్రి. అదే తెలుగులో తంతి అయింది. టెలిగ్రాము తంతివార్త అయిందీ అందుకే. ఎక్కడ చూసినా రెండు కొసలూ బిగించి నడుమ వదిలేసిన సన్నని తీగే. గొంతులో ఆ తీగ లేదు. 1741లో ఫ్రాన్సులో ఫెరైన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు గొంతులో కంపించే ఆ భాగాలను విల్లుతో వాయించే వాద్యపు తీగలతో పోల్చి, గాలే విల్లు అన్నాడు. పోలికను తెచ్చుకున్న మన పాఠ్యపుస్తకాలు అది పోలికేనన్న మాట చెప్పడం మరిచాయి.

నిజానికి అవి లోపల కండరం, పైన మెత్తని పొర ఉన్న రెండు మడతలు. తీగకు పొడవూ బిగువూ చాలు. మడతకు మందం కూడా లెక్కలోకి రావాలి. గాలి తోసినప్పుడు కింది అంచు ముందు విడుతుంది, పై అంచు తర్వాత. తెరుచుకునేటప్పుడు రెండు మడతల నడిమి సందు పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, మూసుకునేటప్పుడు వెడల్పవుతుంది. అందువల్ల మడతల మీద ఒత్తిడి తెరుచుకునేటప్పుడు ఎక్కువ, మూసుకునేటప్పుడు తక్కువ. కంపనాన్ని ఆగనివ్వనిది ఆ తేడాయే. ఇషిజాకా, ఫ్లానగన్ అనే పరిశోధకులు 1972లో తమ లెక్కలో ఒక్కో మడతను స్ప్రింగులతో కలిపిన రెండు ముద్దలుగా తీసుకున్నది ఇందుకే. మీ లెక్కలో మామూలు మాటకు మడతల కింది గాలి ఒత్తిడి 8 సెంటీమీటర్ల నీటి ఎత్తు, అంటే దాదాపు 800 పాస్కళ్లు ఇవ్వండి. మడతలు పూర్తిగా అతుక్కుంటే వాటి మధ్య గాలిని చిన్న చిన్న ముక్కలుగా లెక్కించడానికి కంప్యూటర్‌లో గీసిన గళ్లు నలిగి లెక్క ఆగిపోతుంది కాబట్టి, మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల సందు వదులుతారు. ఆ సందులోంచి గాలి కారుతుందని వ్యాసంలో తప్పక చెప్పాలి.

వేదోచ్చారణ నియమాలు చెప్పే ప్రాచీన గ్రంథం తైత్తిరీయ ప్రాతిశాఖ్యం ఇక్కడ తీగల ఊసే ఎత్తదు. 'సంవృతే కంఠే నాదః క్రియతే': కంఠం మూసుకుంటే నాదం, తెరిస్తే శ్వాస, నడిమి స్థితిలో హకారం. సరళాలకూ పరుషాలకూ తేడా ఎక్కడ పుడుతుందో ఆ మూడు ముక్కల్లోనే ఉంది. ఎంత నిక్కమైన చూపు!

అలాగని 'తంత్రులు' తప్పని కొట్టెయ్యలేను. వైద్యులకూ పాఠకులకూ అలవాటైన మాట. మొదట 'స్వరతంత్రులనే మడతలు' అని పరిచయం చేసి, ఆపైన 'మడతలు' అనండి. 'స్వరపేటిక' మొత్తం పెట్టె పేరు, మడతలది కాదు. ఇక 'అనుకరణ' ధ్వని పక్కన చేరితే మిమిక్రీ అవుతుంది. సిమ్యులేషన్ అనే రాయండి.