ప్రొఫెషనల్ ఫొటో తీయించుకోవడానికి ఏ రంగు దుస్తులు వేసుకుంటే బాగుంటుంది?

మీరు రంగు అడిగారు. నన్నడిగితే రంగు సంగతి అన్నిటికన్నా చివర చూసుకోవచ్చు. ముందు మెడ దగ్గర చూసుకోండి. ఇలాంటి ఫొటోలో ముఖం తర్వాత కన్ను పడేది కాలరు మీదే. అది వదులుగా ఉండి మెడ చుట్టూ సందు కనిపించిందంటే ఎంత మంచి చొక్కా అయినా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. బిగుతైతే గడ్డం కింద లేని మడతలు పుట్టుకొస్తాయి. పై బొత్తాం పెట్టుకున్నాక రెండు వేళ్లు దూరేంత చోటు ఉంటే చాలు.

ఇంకో మాట. ఫొటో కోసమని కొత్త బట్టలు కొనకండి. ఇందుకు నా దగ్గరున్న రుజువు మా అక్క ఒక్కతే. నాకు అది చాలు.

అక్కకు ఆఫీసులో పెద్ద బాధ్యత అప్పగించి, వెబ్‌సైటులో పెట్టడానికి మంచి ఫొటో పంపమన్నారు. తోడుగా నేనూ స్టూడియోకు వెళ్లాను. ఆ రోజు కోసమే కొన్న చొక్కా వేసుకుంది. తెలుపు మీద సన్నటి నీలి గీతలు, చేతిలో పట్టుకుని చూస్తే ముచ్చటగానే ఉంది. ఫొటోగ్రాఫరు కెమెరాను కంప్యూటర్‌కు తగిలించి, తీసిన ఫొటోను తీసినట్టే తెర మీద చూపిస్తున్నారు. మొదటిది రాగానే ముగ్గురం ముందుకు వంగాం. చొక్కా మీద నీళ్లలో నూనె చుక్క పడినట్టు గులాబీ, ఆకుపచ్చ అలలు!

“ఇదేమిటండీ, మరకా?” అంది అక్క, చొక్కా తడుముకుంటూ.

“మరక కాదమ్మా, మ్వారే. సన్న గీతలకూ కెమెరాకూ పడదు” అన్నారాయన.

కెమెరాలో బొమ్మను పట్టే సెన్సరు మీద పిక్సెళ్లు గళ్లుగళ్లుగా పేర్చి ఉంటాయి. బట్ట మీది గీతలు ఆ గళ్లంత సన్నగా పడితే ఆ రెండు వరుసలూ కలిసి లేని డిజైను పుట్టిస్తాయి. ఇది జరగకుండా పూర్వం సెన్సరు ముందు బొమ్మను కాస్త మసకబార్చే ఫిల్టరు పెట్టేవారు. స్పష్టత మీద మోజుతో కంపెనీలు దాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టాయి. 2012లో నికాన్ కంపెనీ డి800 కెమెరాతో పాటు, ఆ ఫిల్టరు పని చేయని డి800ఇ కూడా అమ్మింది. తర్వాత వచ్చిన చాలా కెమెరాల్లో అసలు ఫిల్టరే లేదు. అంటే కెమెరా ఖరీదైనదైతే ఈ బెడద ఉండదనుకోవద్దు.

ఆయన కాస్త వెనక్కి జరిగి మళ్లీ తీశారు. అలల ఆకారం మారింది, అలలు మాత్రం పోలేదు. అప్పుడాయన దృష్టి కుర్చీ మీద ఉన్న అక్క కోటు మీద పడింది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే ముదురు నీలం కోటు, మోచేతుల దగ్గర కాస్త నలిగింది కూడా. దారిలో వేసుకొచ్చిన సాదా చొక్కా సంచిలో ఉంది. “ఆ రెండూ వేసుకు రండి” అన్నారు. నడుము దగ్గర కోటు వదులుగా కనిపిస్తే, సొరుగులోంచి కాగితాలకు పెట్టుకునే నల్ల క్లిప్పులు తీసి, వదులంతా వీపు మీదికి లాగి బిగించేశారు. ముందు నుంచి చూస్తే కొలిచి కుట్టించినట్టుంది. వెనక్కి వెళ్లి చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. “ఇప్పుడు కోటు వెనక అంచు కిందికి లాగి, దాని మీద కూర్చోండి” అన్నారు. అలా కూర్చోగానే మెడ వెనక ఉబ్బిన బట్ట టక్కున దిగిపోయింది. కొత్త చొక్కాలో క్షణానికోసారి కఫ్ లాక్కున్న మనిషి, ఆ పాత కోటులో చేతుల సంగతే మరిచిపోయింది. వెబ్‌సైటుకు వెళ్లింది ఆ ఫొటోయే.

వెళ్లాక ఏం చేశారో కూడా చెప్పాలి. ఎవరో దానికి మెరుగులు దిద్ది, కళ్ల పక్కన ముడతలు, కనుబొమ మీది చిన్న మచ్చ, అన్నీ తుడిచేశారు. ఇన్నేళ్ల అనుభవం చూసి పదవి ఇచ్చినవాళ్లే ముఖం మీంచి ఆ ఏళ్లన్నీ ఎందుకు చెరిపేస్తారో నాకు అర్థం కాదు. మొటిమ తీసేయండి, నాలుగు రోజుల్లో అదే పోతుంది. మచ్చ మనిషిది. ఈ మాట ఫొటో ఇచ్చేటప్పుడే గట్టిగా చెప్పండి, మొహమాటపడితే తర్వాత వినేవారుండరు.

కాబట్టి వేసుకుని అలవాటున్న బట్టలే తీయండి. ముందురోజు అవి వేసుకుని కిటికీ పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరినైనా రెండు మీటర్ల దూరం నుంచి ఫోనులో జూమ్ చేసి తీయమనండి. సెల్ఫీతో తేల్చుకోకండి. ఫోను ముఖానికి మరీ దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా పడతాయి. అది దూరం చేసే పని, మీ ముఖం తప్పు కాదు. ఫొటోగ్రాఫర్లు దూరం నుంచే ముఖాన్ని దగ్గరగా చూపే 85 మిల్లీమీటర్ల లాంటి లెన్సు పెట్టుకుని అంత వెనక నిలబడేది అందుకే. ఇస్త్రీ చేసిన చొక్కా మడతపెట్టకుండా హ్యాంగరుకే తీసుకెళ్లి అక్కడ మార్చుకోండి, కారులో సీటుబెల్టు ముడత ఛాతీకి అడ్డంగా పడుతుంది. ఎండకు నల్లబడే కళ్లద్దాలుంటే, ఆరుబయట తీసే ఫొటోకు మామూలు జత దగ్గర పెట్టుకోండి. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ దట్టంగా రాసుకుంటే ఫ్లాష్ వెలుగుకు ముఖం సున్నం పూసినట్టు పడుతుంది, ఆ రోజుకు మానేయండి.

ఇక మీరడిగిన రంగు. మెరిసే ఎరుపు, చిలకపచ్చ వద్దు, ఆ రంగు గడ్డం కింద చర్మం మీదికి ఎగబాకుతుంది. నలుపులో బట్ట మడతలు తేలవు. ముదురు నీలం, బూడిద, ముదురు ఎరుపు ఎవరికైనా నప్పుతాయి, బట్టకు నిగనిగ లేకపోతే చాలు. వెనక గోడ ఏ రంగో మాత్రం ముందే ఫోను చేసి కనుక్కోండి. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కాతో కూర్చుంటే భుజాలు ఎక్కడ ఆగాయో ఎవరికీ తెలియదు.