సగం మాత్ర సంగతి ముందు తేలాలి

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, ఆటిజం ఉంది. మాటలు బాగానే వచ్చాయి. రైళ్లంటే ప్రాణం. ఎలా ఉన్నావని అడిగితే 'బాగున్నాను' అంటాడు, పది నిమిషాలకే తల గోడకేసి కొట్టుకుంటాడు. రెండు నెలలుగా ఇది ఎక్కువైంది. రెండేళ్ల కిందటి చీటీ చూపించి రిస్పెరిడోన్ తెచ్చి రాత్రిపూట సగం మాత్ర వేస్తున్నాం. ముఖాల బొమ్మల చార్టుతో భావాలు నేర్పించవచ్చా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: చార్టు సంగతి తర్వాత చెబుతానమ్మా. ముందు ఆ సగం మాత్ర. రెండేళ్లలో పిల్లవాడి బరువు మారింది, ఒళ్లు మారింది, చీటీ మాత్రం మారలేదు. ఈ మందు చిరాకును తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆకలి, బరువు పెంచుతుంది. కొందరిలో షుగరు, కొవ్వు కూడా పెరుగుతాయి. మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి. ఇంకో చిక్కుంది. ఈ మందుతో కొందరికి కాళ్లలో ఒక రకమైన అస్థిమితం వస్తుంది, ఒకచోట కూర్చోలేరు. ఇంట్లోవాళ్లు అది కోపమనుకుని ఇంకో పావు మాత్ర కలుపుతారు. మందు చేసిన గొడవకు మళ్లీ అదే మందు! ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి, అదీ ప్రమాదమే. రాసిన డాక్టరుకు గానీ, గుంటూరు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో గానీ ఈ వారంలోనే చూపించండి. మందుల షాపు డోసు నిర్ణయించే చోటు కాదు.

రెండు నెలలుగానే ఎక్కువైందన్నారు. కొత్తగా మొదలైన కోపం వెనక నొప్పి ఉందేమో వెతకాలి: పన్ను, చెవి, మలబద్ధకం, తలనొప్పి. నిద్ర సరిగ్గా పడుతోందా? ఆటిజం ఉన్నవారికి ఈ వయసులో మూర్ఛ మొదలవడమూ ఉంది కాబట్టి చూపు నిలిపేసి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటున్నాడేమో గమనించండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడికి బొమ్మల చార్టు ఇచ్చి ఎలా ఉందో చూపించమంటే నవ్వుతున్న ముఖం మీద వేలు పెట్టాడు. అతనికి పసుపు రంగు ఇష్టమట! రెండో చేతి బొటనవేలు మాత్రం దవడను నొక్కుతూనే ఉంది. పుచ్చిన పన్ను తీయించాక కోపం చాలావరకు దిగింది. మీ అబ్బాయికీ అదేనని చూడకుండా చెప్పలేను. తల కొట్టుకున్నాక వాంతులైనా, మత్తుగా పడి ఉన్నా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

ఇక మీ ప్రశ్న. తన భావాన్ని తాను గుర్తుపట్టి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఇది ఉంటుంది. భావాలు లేవని కాదు, గుండె దడదడలాడుతున్నా అది భయమని తెలియదు. అందుకే ముఖాల కంటే ఒంటితో మొదలుపెట్టమంటాను. 'ఎలా ఉన్నావు?' అంటే బడిలో నేర్పిన జవాబే వస్తుంది. 'పిడికిళ్లు బిగుసుకున్నాయా? చెవులు వేడెక్కాయా? కడుపులో తిప్పుతోందా?' అని అడగండి. మన నుడికారంతో జాగ్రత్త: 'ఒళ్లు మండిపోతోంది' అంటే థర్మామీటరు తెచ్చే పిల్లలున్నారు.

రైళ్లు ఇష్టమన్నారు కదా, చార్టు కంటే సిగ్నల్ మేలు. ఆకుపచ్చ అంటే ప్రశాంతం, ఆ తర్వాత రెండు పసుపు, ఒక పసుపు, చివరికి పట్టలేని స్థితి ఎరుపు. ఏ రంగులో ఒంట్లో ఏమవుతుందో అతనితోనే రాయించండి. వరుస తప్పు చెబితే మిమ్మల్నే దిద్దుతాడు. ఇది ప్రశాంతంగా ఉన్నప్పుడు చేసే పని. ఎరుపులో ఉన్నప్పుడు పాఠాలు వద్దు; మాటలు, లైట్లు తగ్గించి, గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి. మీరూ పైకి చెబుతుండండి: 'నాకు చిరాకుగా ఉంది, దవడ బిగుసుకుంది, పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుంటాను' అని. 'తెలియదు' అంటే అదీ నిజాయితీ గల జవాబే, గుచ్చి గుచ్చి అడగకండి. పేర్లు రావడానికి నెలలు పట్టవచ్చు.

అర్ధరాత్రి ఏమీ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీతో పాటు మాత్రల అట్ట కూడా తీసుకెళ్లండి. ఎన్ని మిల్లీగ్రాములో మీ ఉత్తరంలో రాయలేదు.