సార్జెంట్ యార్క్ ట్రోఫీ: బడికి సరిగా వెళ్లని మనిషి పేరు కాలేజీ కప్పుకు ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. అమెరికాలో టెనసీ రాష్ట్రం కాలేజీలు ఫుట్‌బాల్‌లో ‘సార్జెంట్ యార్క్ ట్రోఫీ’ కోసం పోటీ పడతాయట, ఆ యార్క్ పాతకాలం ఆటగాడా, మిలిటరీ ఆయన పేరు కాలేజీ కప్పుకు ఎందుకు అని కదా మీరు అడిగింది. కుక్‌విల్‌లో టెనసీ టెక్‌లో ఎమ్మెస్ చేసే రోజుల్లో నేనూ స్టేడియంలో కూర్చుని అచ్చం ఇదే అడిగాను. ముందు వరసలో వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

యార్క్‌కు పేరొచ్చింది ఆటతో కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో. ఇక కాలేజీ అంటారా, ఆయన బడికి వెళ్లిందే మొత్తం కలిపితే తొమ్మిది నెలలు.

ట్రోఫీ సంగతి ముందు చెప్పేస్తాను, అది చిన్నదే. 2007లో మొదలైంది. అప్పట్లో ఒహాయో వ్యాలీ కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల లీగు) ఆడే టెనసీ జట్లు నాలుగు: కుక్‌విల్‌లో మా టెనసీ టెక్, నాష్‌విల్‌లో టెనసీ స్టేట్, క్లార్క్స్‌విల్‌లో ఆస్టిన్ పీ, మార్టిన్ ఊళ్లో యూటీ మార్టిన్. ఈ నాలుగూ తమలో తాము ఆడిన మ్యాచ్‌ల్లో ఎవరి రికార్డు బాగుంటే ఆ ఏడాది ట్రోఫీ వాళ్లది. 2022లో ఆస్టిన్ పీ ఆ కాన్ఫరెన్స్ వదిలి వెళ్లిపోయింది. టీవీలో కనిపించే లక్ష మంది స్టేడియాల స్థాయి కాదు ఇది, దానికి ఒక మెట్టు కింద. అందుకే మన వాళ్లు చాలామంది దీని పేరు కూడా విని ఉండరు.

నేను చూసిన మ్యాచ్ టెనసీ స్టేట్‌తో. స్టూడెంట్‌కి టికెట్ ఫ్రీ అని రూమ్మేట్లు లాక్కెళ్లారు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదని, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేదని అప్పటికి తెలుసు, అంతవరకే తెలుసు. టక్కర్ స్టేడియంలో అల్యూమినియం బెంచీలు జీన్స్‌లోంచి కూడా చల్లగా తగులుతున్నాయి. జాకెట్ జేబులో అమ్మ పంపిన చేగోడీలు. చుట్టూ అంతా ఊదారంగు, మా కాలేజీ రంగు. ఆట అర్థం కాలేదు గానీ హాఫ్‌టైమ్‌లో టెనసీ స్టేట్ బ్యాండు దిగింది చూడండి, లేచి నిలబడిపోయాను. ‘అరిస్టోక్రాట్ ఆఫ్ బ్యాండ్స్’ అంటారు దాన్ని. 2023లో గ్రామీ కూడా కొట్టిందంటే ఆ రోజు నేను నోరు తెరుచుకుని చూడటంలో తప్పులేదనిపించింది.

మా వాళ్లు ఓడిపోయారు. అయినా గెలిచినవాళ్లు ట్రోఫీ ఎత్తుతారు కదా, ఫొటో తీసుకుందామని చలిలో నిలబడ్డాను. ఎవరూ ఏమీ ఎత్తలేదు. పక్కన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, వియత్నాం వెళ్లొచ్చినవాడట, నన్ను చూసి జాలిపడి చెప్పాడు. నాలుగు జట్ల లెక్క తేలేదాకా ఇవ్వరు బాబూ, ఇంకా మ్యాచ్‌లు ఉన్నాయని. అప్పుడే నేను ఆ తెలివైన ప్రశ్న వేశాను, యార్క్ ఏ పొజిషన్‌లో ఆడేవాడు అని. ఆయన నవ్వి, ఇక్కడికి గంట దూరంలో పాల్ మాల్ అని ఊరుంది, వెళ్లి చూడు అన్నాడు.

వెళ్లే ముందు చదివినవీ, వెళ్లాక విన్నవీ కలిపి చెబుతున్నాను.

ఆల్విన్ యార్క్ 1887 డిసెంబరు 13న పాల్ మాల్‌లో పుట్టాడు. కెంటకీ సరిహద్దు పక్కన కొండల మధ్య లోయ అది. పదకొండు మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి కమ్మరి పని, వ్యవసాయం చేసేవాడు. పిల్లలకి చదువుకంటే వేట ముఖ్యం, వేట లేకపోతే కూరలో మాంసం ఉండదు. కుర్రతనంలో యార్క్ తాగుడు, కొట్లాటల మనిషి. 1915 ప్రాంతంలో మారిపోయి చర్చిలో పడ్డాడు. ఆ చర్చి యుద్ధం పాపం అంటుంది. సరిగ్గా రెండేళ్లకి అమెరికా యుద్ధంలోకి దిగింది, సైన్యంలో చేరాలని ఇతనికీ కాగితం వచ్చింది. నా మతం ఒప్పుకోదని అర్జీ పెట్టుకున్నాడు, తిరస్కరించారు. శిక్షణలో చేరాక కూడా మనసు పీకుతూనే ఉంది. పైఅధికారి మేజర్ బక్స్‌టన్ శిక్షించకుండా, బైబిల్ ముందు పెట్టుకుని గంటల తరబడి మాట్లాడాడు. పది రోజులు సెలవిచ్చి ఇంటికి పంపాడు. యార్క్ కొండెక్కి ప్రార్థన చేసుకుని, వెళ్లాల్సిందేనని నిశ్చయించుకుని దిగొచ్చాడు.

1918 అక్టోబరు 8, ఫ్రాన్స్‌లో షాటెల్ షెహెరీ అనే ఊరి దగ్గర. పదిహేడు మంది అమెరికన్లు జర్మన్ల వెనకవైపు నుంచి చొచ్చుకెళ్లి కొందరిని పట్టుకున్నారు. అంతలో కొండమీది మెషిన్‌గన్లు వీళ్లవైపు తిరిగాయి. ఆరుగురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. నాయకుడు బెర్నార్డ్ ఎర్లీ కూడా పడిపోయాడు. అప్పటికి ఇంకా సార్జెంట్ కాని, దానికి కింది హోదా కార్పొరల్‌గా ఉన్న యార్క్ రైఫిల్ తీసుకుని తల ఎత్తినవాడిని ఎత్తినట్టే కొట్టాడు. ఆరుగురు తుపాకీ కొసన కత్తులు (బాయ్‌నెట్లు) పెట్టుకుని మీదికి ఉరికితే పిస్టల్ తీసి, చివరివాడి నుంచి మొదలుపెట్టి ముందువాడి దాకా వచ్చాడు. ఊళ్లో టర్కీ కోళ్ల వేటలో నేర్చుకున్న కిటుకు అది. ముందున్నదాన్ని కొడితే వెనకవి చెదిరిపోతాయి, వెనకదాన్ని కొడితే ముందువాటికి తెలియదు. చివరికి జర్మన్ అధికారి లొంగిపోయాడు. తిరిగొచ్చేసరికి ఖైదీలు 132 మంది.

ఒక్కడే 132 మందిని పట్టుకున్నాడని వాట్సాప్‌లో తిరిగే కథ మాత్రం నమ్మకండి. ప్రాణాలతో మిగిలిన మిగతావాళ్లూ పక్కనే ఉన్నారు. తమ పాత్ర ఎవరూ గుర్తించలేదని వాళ్లలో కొందరు తర్వాత గట్టిగానే అడిగారు. కొన్నేళ్లకి ఎర్లీకి, మరొకతనికి కూడా పతకాలు ఇచ్చారు. దానివల్ల యార్క్ చేసింది ఏమీ తగ్గదు. అమెరికా సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, ఆయనకు ఊరికే రాలేదు.

నాకు మాత్రం నచ్చింది ఆ తర్వాతి కథ. న్యూయార్క్‌లో ఊరేగించారు, ఆయన మాత్రం సబ్‌వే రైలు ఎక్కి చూడాలన్నాడు. నా సరుకు గురించి ఒక్క మాట చెప్పు, డబ్బిస్తామని కంపెనీలు వెంటపడితే యూనిఫాం అమ్మకానికి లేదని తోసేశాడు. నాష్‌విల్ రోటరీ వాళ్లు పొలం బహుమతి ఇచ్చారు గానీ చందాలు సరిపడా రాక అప్పు ఆయన నెత్తినే పడింది. బయటి ప్రపంచం చూసొచ్చిన మనిషికి ఒకటే పట్టుదల, మా కొండల్లో పిల్లలు నాలాగా మిగిలిపోకూడదని. జేమ్స్‌టౌన్‌లో 1926లో యార్క్ ఇన్‌స్టిట్యూట్ పెట్టించాడు. పిల్లలు బడికి రావాలంటే బస్సులు కావాలి, కౌంటీ (మన జిల్లా లాంటిది) దగ్గర డబ్బు లేదు. పొలం తాకట్టు పెట్టాడు.

1941లో ఆయన కథతో సినిమా వచ్చింది, హీరో గ్యారీ కూపర్‌కు ఆస్కార్ వచ్చింది. ఏళ్ల తరబడి వద్దంటూ వచ్చి, బైబిల్ బడి కట్టడానికి పనికొస్తుందని చివరికి ఒప్పుకున్నాడు. ఆ డబ్బు మీద పన్ను వాళ్లు పడ్డారు. వడ్డీలతో కలిపి లక్షా డెబ్బై వేల డాలర్లు దాటింది బాకీ. అప్పటికి ఆయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. 1961లో 25 వేల డాలర్లకు తేల్చారు, చందాలు పోగేసి కట్టారు. 1964 సెప్టెంబరు 2న నాష్‌విల్‌లో పోయాడు.

పేరు పెట్టడం దగ్గరికొస్తే, టెనసీలో ఎక్కడ చూసినా ఆయన పేరే. నాష్‌విల్‌లో రాష్ట్ర శాసనసభ భవనం దగ్గర విగ్రహం, మర్‌ఫ్రీస్‌బరోలో మాజీ సైనికుల ఆసుపత్రి. ఒక తమాషా కూడా ఉంది. సైన్యం విమానాలను కూల్చే ఒక తుపాకీ బండికి సార్జెంట్ యార్క్ అని పేరు పెట్టింది. పరీక్షల్లో అది సరిగా పనిచేయక 1985లో ప్రాజెక్టే ఎత్తేశారు. గురికి పేరుమోసిన మనిషి పేరు పెట్టి మరీ! వాటితో పోలిస్తే కాలేజీ ట్రోఫీ ఎంతో నయం అంటాను నేను. కొండల్లో పిల్లలు చదువుకోవాలని ఇల్లూ పొలం మీదికి తెచ్చుకున్న మనిషి పేరు చదువుకునే పిల్లల ఆటకు పెట్టడంలో నాకు వింతేం కనిపించదు. స్టేడియంలో ఎంతమందికి యుద్ధం తర్వాతి ఈ సగం కథ తెలుసు అంటే, నా పక్కన పెద్దాయనకు తెలుసు.

ఆ వారాంతం సీనియర్ అన్న కారులో పాల్ మాల్ వెళ్లాం. దారంతా మెలికలు, వెనక సీట్లో ఒకడికి వాంతులు. యార్క్ ఇల్లు ఇప్పుడు స్టేట్ పార్కు. పెద్ద మేడేం కాదు, మన పల్లెటూళ్లలో పాత ప్రెసిడెంటుగారి ఇల్లులా ఉంది. ఎదురుగా వుల్ఫ్ నది ఒడ్డున ఆయన నడిపిన పిండిమర ఉంది. మర లోపల పాత చెక్కవాసన, కింద నీళ్ల చప్పుడు. మా నలుగురం తప్ప ఎవరూ లేరు. తర్వాత శ్మశానానికి వెళ్లాం. సమాధి పక్కన భార్య గ్రేసీ సమాధి.

తిరుగుదారిలో జేమ్స్‌టౌన్‌లో కాఫీకి ఆగాం. యార్క్ ఇన్‌స్టిట్యూట్ ఇప్పటికీ నడుస్తోంది, హైస్కూలు. ఆదివారం కాబట్టి పిల్లలు లేరు, పసుపు బస్సులు మాత్రం వరసగా నిలబెట్టి ఉన్నాయి. ట్రోఫీ ఫొటో దొరకలేదన్న లోటు తీరేలా వాటికి ఒక ఫొటో తీసుకున్నాను.

మీరు వెళ్లేట్టయితే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయలోకి దిగాక సిగ్నల్ ఉండదు. వెనక సీట్లో కూర్చునేవాళ్లకి రెండు నిమ్మకాయలు కూడా పట్టుకెళ్లండి.