నీరు పెరిగిన నదిలో వెల్లకిలా తేలినా ఒడ్డు అందకపోవడం గురించి సమాధానం

మీ మిత్రుడు రాఫ్ట్ (గాలి నింపిన తెప్ప) నుంచి పడి, నేర్పినట్లే వెల్లకిలా తేలినా చాలా దూరం ఎందుకు కొట్టుకుపోయాడని అడిగారు. కారణం బహుశా ఈత రాకపోవడం కాదు, నది మట్టం పెరగడం. మామూలుగా రెండు ఉరవళ్ల (నీరు రాళ్ల మీదుగా వేగంగా ఉరికే చోట్ల) మధ్య నీరు నెమ్మదించే మడుగు ఉంటుంది; మట్టం పెరిగినప్పుడు ఆ మడుగులు కనుమరుగై ఉరవళ్లన్నీ ఒకటే ప్రవాహమవుతాయి. పైగా వేగం రెట్టింపయితే నీరు మనిషిని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది.

1. పడగానే రాఫ్ట్ అంచు తాడు అందితే పట్టుకోండి, కానీ రాఫ్ట్‌కూ బండకూ మధ్య ఉండకండి.

2. చాలామంది మరిచేది ఇదే. కాళ్లు దిగువకు చాపి వెల్లకిలా తేలడం ఊపిరి పీల్చుకుని చుట్టూ చూసుకోవడానికి మాత్రమే. దారి కనిపించగానే బోర్లా తిరిగి, తలను ఎగువకు, ఒడ్డు వైపుకు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంచి, శక్తినంతా పెట్టి ఈదాలి. మడుగు వస్తుందని ఎదురుచూస్తే చల్లని నీటిలో వేళ్లు కొయ్యబారి, విసిరిన తాడు అరచేతికి తగిలినా పిడికిలి బిగుసుకోదు.

3. అడ్డంగా పడిన చెట్టు తప్పించుకోలేనంత దగ్గరైతే, కాళ్లు కాకుండా తల ముందుంచి దానివైపే వేగంగా ఈది పైకి ఎక్కాలి.

4. పరుగెత్తే నీటిలో నిలబడవద్దు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది.

5. ఈసారి మట్టం ఎంత ఉందో మాత్రమే కాక, ఇంకా పెరుగుతోందా అని కూడా చూడండి. బురదరంగు నీటిలో దుంగలు కొట్టుకువస్తుంటే ఆ రోజు దయచేసి నదిలోకి దిగవద్దు.